పైట మీద పిన్నీసు చిల్లు

శనివారం ఉదయం, అమెరికాలోని ఎడిసన్ ఊళ్లో, ఓక్ ట్రీ రోడ్డులో తన చీరల కొట్టు తెరిచి, సూర్యప్రకాశరావు దేవుడి పటానికి అగరొత్తి వెలిగించాడు. పద్దెనిమిదేళ్లుగా ఏ శనివారమూ ఆ కొట్టు మూతపడలేదు. వారమంతా అమ్మేది ఒక ఎత్తు, శనివారం అమ్మేది ఒక ఎత్తు. భార్య కృష్ణవేణి కౌంటర్ తుడుస్తోంది. ఇరవై మూడేళ్ల కూతురు దేదీప్య చీరలు మడతపెడుతోంది.

మొదటగా వచ్చిన ఛాయాదేవి కొనడానికి రాలేదు. నాలుగు రోజుల కిందట కొన్న వంకాయరంగు పట్టుచీర బల్ల మీద పరిచి, పైట దగ్గర వేలు పెట్టింది.

"అన్నయ్యగారూ, ఈ పిన్నీసు చిల్లు చూశారా?"

"నేతలో దారం తెగిందేమోనమ్మా. వేరేది ఇస్తాను."

"దారం తెగలేదు. మీ అమ్మాయి కట్టి విప్పింది." ఫోన్ ఆయన వైపు తిప్పింది. ఫేస్‌బుక్‌లో అదే చీరలో దేదీప్య, వెనక పూలతోరణం. కింద 'బెస్ట్ ఫ్రెండ్ పెళ్లి' అని, మూడొందల లైకులు. "కట్టిన చీర కొత్తదని అమ్ముతారటండీ?"

సరుకు విషయంలో ఇన్నేళ్లలో ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేదు. తలెత్తకుండానే ఆవిడ డబ్బు వెనక్కిచ్చి, గుమ్మందాకా సాగనంపాడు. తర్వాత కూతుర్ని వెనక గదిలోకి పిలిచాడు.

"అడిగితే కాదంటానా? దొంగచాటుగా కట్టుకుని మళ్లీ రాక్‌లో పెడతావా? ఇలా ఎన్ని?"

"పదకొండు."

ఫొటోల్లో కట్టినవి స్నేహితురాళ్ల చీరలనుకున్నాడాయన. ఆ ఫొటోలే చూపించి, 'మా అమ్మాయి కట్టింది చూడండి, ఎన్ని పెళ్లిళ్లకి పిలుస్తారో దాన్ని' అంటూ బేరాలు చేశాడు తను.

"ఇంతకీ ఎవరిదా పెళ్లి?"

"తెలీదు నాన్నా. హోటల్ లాబీలో తోరణం ఉంది. ఫొటో తీసుకుని కార్లో కూర్చున్నా. లేట్‌గా ఇంటికొస్తే, నాకు ఫ్రెండ్స్ ఉన్నారని నువ్వు హ్యాపీగా ఉంటావని."

"మరి నీ స్నేహితులు? వెయ్యిమంది ఉన్నారన్నావు."

"లైక్ కొడతారు. రమ్మని పిలవరు." ముక్కు తుడుచుకుంది. "స్కూల్లో పిలిచేవాళ్లు. అన్ని బర్త్‌డేలూ శనివారమే. నాకు షాప్ ఉండేది. తర్వాత మానేశారు. నిన్ను బ్లేమ్ చెయ్యట్లేదు."

పదేళ్ల పిల్ల స్టూలెక్కి చీరలు మడతపెట్టడం ఆయనకి కళ్ల ముందు కదిలింది. ఒక మనిషి జీతం మిగిలిందని అప్పట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాడు. మిగిలింది ఎవరి బతుకులోంచి కోసిందో ఇన్నాళ్లూ లెక్క చూడలేదు. పిల్ల మొహం చూడలేక కత్తెర తీసి, వంకాయరంగు చీరకున్న ధర చీటీ కత్తిరించాడు.

"ఇది నీది. చివరిసారి నిన్ను పిలిచిన పిల్లెవరు?"

"రేష్మ. సెవెంత్ గ్రేడ్‌లో. ఇప్పుడూ ఎడిసన్‌లోనే ఉంది."

"ఇవాళ నువ్వే బయట భోజనానికి పిలువు. మెసేజ్ కాదు, ఫోన్ చెయ్యి."

"రానంటే?"

"మీ అమ్మా నేనూ వస్తాం. మాకూ ఎవరూ లేరు, కొనేవాళ్లు తప్ప."

తెర పక్కన నిలబడి అంతా విన్న కృష్ణవేణి కొంగుతో కళ్లు ఒత్తుకుని, వెళ్లి తలుపు మీది బోర్డుని 'క్లోజ్డ్' వైపు తిప్పేసింది. బయట ఇద్దరు ఆడవాళ్లు అద్దం మీద తట్టారు. సూర్యప్రకాశరావు లోపలినుంచే వాళ్లకి చేతులు జోడించాడు.

"మిగతా పది చీరలు నాన్నా?"

"కొన్నవాళ్లకి సోమవారం నేను ఫోన్ చేస్తాను."

"ఏమని చెప్తావ్?"

"తప్పు నాదని," అన్నాడాయన.