రాజీకి ఇద్దరు కావాలి

నిఘంటువులోంచి ‘రాజీ’ అనే మాట మాయమైంది.

స్రవంతి మళ్లీ టైపు చేసింది. ‘ఈ పదం లేదు’ అంది కంప్యూటర్. సాయంత్రానికి తెలుగు నిఘంటువు సీడీ కాపీలకు వెళ్లాలి. రేపటి నుంచి ఆమెకు బేగంపేటలో వేరే ప్రాజెక్టు.

ఆ ఫైలు పాస్‌వర్డ్ ఇద్దరికే తెలుసు. ఒకరు తను. రెండోవాడు కిటికీ పక్కన కూర్చునే రవికిరణ్, కాకినాడ కుర్రాడు.

గొడవ మొదలైందీ ఈ మాటతోనే. ‘రాజు’ నుంచి ‘రాజీ’ పుట్టిందని అతను రాశాడు. స్రవంతి అందరి ముందూ పకపకా నవ్వి, మార్చేసింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. గేటు ఎదురుగా ఐలయ్య బండి దగ్గర రోజూ పంచుకునే వన్ బై టూ చాయ్ కూడా ఆగిపోయింది. ‘నువ్వు’ అనే స్రవంతి ‘మీరు’లోకి దిగిపోయింది.

బయట వాన మొదలైంది. ఆమె విసురుగా అతని టేబుల్ దగ్గరికి నడిచింది.

“రాజీ ఏడ పెట్టిన్రు?”

“ఇంకా ‘మీరే’నా అండీ?”

“జోకులొద్దు. సీడీ మీద నా పేరుంటది.”

“ఒక్కటి చెప్పండి. ఆ మాటకి అసలు అర్థమేంటి?”

“రాసిన గద! అరబ్బీది. ఉర్దూల కెల్లి మనకొచ్చింది. రాజీ అంటే మనసు ఒప్పినోడు, ఇష్టపడ్డోడు.”

“తగ్గినోడు కాదా? ఓడిపోయినోడు?”

“కానే కాదు. మా ఊర్ల పంచాయితీల ఇద్దర్నీ అడుగుతరు. ఇద్దరూ రాజీ అంటెనే కొట్లాట ఒడుస్తది. ఒక్కలంటే లెక్కకు రాదు.”

రవికిరణ్ చొక్కా జేబులోంచి ఫ్లాపీ తీసి టేబుల్ మీద పెట్టాడు.

“నువ్వేనా! ఎంత పరేషాన్ చేసినవ్!”

‘నువ్వు’ తిరిగొచ్చింది. అతను నవ్వు ఆపుకున్నాడు.

“నవ్వకు. ఎందుకు తీసినవో జల్ది చెప్పు. వానకు ఐలయ్య బండి కట్టేస్తుండు.”

“నేనే తీశానండి. మీరు రాసింది రాసినట్టే ఇందులో ఉంది, ఇప్పుడే ఎక్కించేస్తా. తప్పు నాదే. ముందు నేను మాట్లాడితే ఓడినట్టని బిగుసుకు కూర్చున్నా. రేపు మీరు వెళ్లిపోతున్నారు. మాట పోతే తిట్టడానికైనా వస్తారనుకున్నా. వచ్చారు. ఆ చాయ్ ఒక్కడినే తాగలేకపోతున్నానండి. మీరంటే ఇష్టం. నా వైపు నుంచి నేను రాజీ. ఒక్కడంటే లెక్కకు రాదని మీరే అన్నారు.”