కిటికీ అవతలి లైవ్

తెల్లారేసరికి చిన్నపోలయ్య శవం మైపాడు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఊరి పెద్దకాపు, జాలర్లందరికీ పెద్ద. పుట్టినప్పటి నుంచీ సముద్రంలో బతికిన మనిషి మోకాలి లోతు నీళ్లలో మునిగిపోయాడంటే పోలీసులు నమ్మారు. ఏజెంట్ ప్రత్యూష నమ్మలేదు. ఈరోజు సభలో మాట్లాడమని ఆయన్ని ఒప్పించింది తనే.

"ఏడవడానికి టైమ్ లేదు." చెవి కమ్మలో చీఫ్ క్రాంతి కుమార్ గొంతు. "బ్రీఫ్ మళ్లీ విను. ఒడ్డు దగ్గరి సముద్రంలోకి పెద్ద ట్రాలర్లు రాకూడదన్న రూల్ ఎత్తేయించాలని విదేశీ సిండికేట్ లాబీయింగ్ చేస్తోంది. దానికోసం దొంగ మత్స్యకార సంఘం పెట్టింది. జాలర్లు ఒప్పుకున్నారని మత్స్యశాఖ సెక్రటరీ ఈరోజు సభలో సంతకం పెడితే జీవో వచ్చేస్తుంది. ఇక చిన్న పడవల పని అయిపోయినట్టే."

"మన రోజారమణి?"

"వాళ్ల కన్సల్టెంట్‌గానే ఉంటుంది. సిగ్నల్ ఆమే ఇస్తుంది."

తుఫాను షెల్టర్ పైఅంతస్తులో సభ. ప్రొజెక్టర్ తెర బాగా కనపడాలని కిటికీలన్నీ మూయించారు. ప్రత్యూష వేషం మైక్ ఆపరేటర్. ఆ పనిలో ఆమెకు బాస్, ఈ సంగతులేవీ తెలియని టెంట్‌హౌస్ సుకుమార్. ముందు వరసల్లో సంఘం సభ్యులు, మడత నలగని కొత్త లుంగీల్లో. ఊరివాళ్లు ఒక్కరూ లేరు.

షిఫాన్ చీరలో రోజారమణి గాగుల్స్ తలపైకి నెట్టి వీడియో వేసింది. సముద్రం మీద పడవలు. పడవల మీద సంఘం జెండాలు. మూలన ఎర్రగా ‘లైవ్’.

"మైపాడు అన్నలంతా వేటకు పోయున్నారు సార్. అక్కడ్నించే మద్దతు చెప్తున్నారు." రోజారమణి ప్రత్యూషను దాటిపోతూ గొణిగింది. "నెత్తళ్లు ఎండినాయి."

కోడ్ వర్డ్. రెడీగా ఉండమని.

సెక్రటరీ పెన్ను మూత తీశాడు. అప్పుడే తలుపు తోసుకుని, జుట్టు విరబోసుకుని నాగులమ్మ వచ్చింది. చిన్నపోలయ్య భార్య. నేరుగా మైకు దగ్గరికి నడిచింది.

"ఆపు ఆ మైకు!" సుకుమార్ అరిచాడు.

ప్రత్యూష వాల్యూమ్ చివరిదాకా తిప్పింది.

"మా ఇంటాయన్ని నెల్లూరు పెద్దాస్పత్రిలో పోస్టుమార్టం కోతకి పెట్టుండారు సారూ. ఊళ్లో చావైతే, మట్టి చేసిందాకా ఒక్క పడవా నీళ్లలో దిగదు. తాతలనాటి కట్టుబాటు. మరి ఆ పడవలు ఎవురివి?" ఆమె మూసున్న కిటికీ వైపు చెయ్యి చాపింది. "ఆ కిటికీ తెరిచి చూడు."

సెక్రటరీ లేచి తెరిచాడు. ఇసుక మీద వరసగా పడవలు. ఊరి పడవలన్నీ. వాటి పక్కన తలలు వంచుకుని కూర్చున్న మగాళ్లు. ఇటు తెర మీద జెండాలు ఇంకా ఊగుతూనే ఉన్నాయి.

పెన్నుకు మూత పడింది. కొత్త లుంగీలు మెట్ల వైపు పరిగెత్తాయి. కింద మఫ్టీలో ఉన్న టీమ్ ఒక్కొక్కరినీ పట్టుకుంది. చిన్నపోలయ్యను చంపినవాళ్లూ వాళ్లలోనే ఉన్నారని తర్వాత తేలింది.

"చావు కబురు తెలియగానే ఆ వీడియో మీద ‘లైవ్’ అని వేయించింది నేనే," మెట్ల కింద రోజారమణి గాగుల్స్ పెట్టుకుంటూ అంది. "నాగులమ్మకి కబురు పంపిందీ నేనే. మా అమ్మది ఈ ఊరే."

"ఆయన్ని చంపుతారని చెప్పలేదేం అక్కా?"

"తెలిస్తే చెప్పనా?" అద్దాల కిందినుంచి నీళ్లు జారాయి. "ఆయన బతికొచ్చి మాట్లాడుంటే, ‘ఒకరు వ్యతిరేకించారు’ అని రాసుకుని సంతకం పెట్టేసుండేవాళ్లు ప్రత్యూషా. చచ్చిపోయాడు గాబట్టి విన్నారు."

అంబులెన్స్ వచ్చింది. దాని వెనకే ఊరంతా నడిచింది. ప్రత్యూష చెప్పులు విడిచి వాళ్లలో కలవబోతుంటే సుకుమార్ అడ్డంపడ్డాడు.

"ఆపమంటే పెంచతావా? రేపట్నుంచి పన్లోకి రాబాక!"

ప్రత్యూష కళ్లు తుడుచుకుంది. ఆమె సర్వీసులో ఇంత గట్టిగా నిలబడ్డ వేషం ఇదే మొదటిది.