జయమణత్త గొంతు

తల్లి లేని నన్ను పెంచింది జయమణత్త. తాళం నేర్పిందీ ఆమే. మద్దిలపాలెంలో మా చర్చి క్వయర్‌ని నడిపేది. కీబోర్డు మీద నేను తప్పు మెట్టు నొక్కితే తిట్టేది కాదు, కళ్లు మూసుకుని మొహం చిట్లించేది. తర్వాత ఆమె కొడుకు ఎడ్వర్డ్, నేనూ కలిసి సబ్బవరం పెళ్లిళ్లలో డీజే బండి ఎక్కాం. అత్త పోయేముందు ఆమె గొంతూ నా గొంతూ కలిపి ఒక పాట రికార్డు చేసుకున్నాను. దానికి బీటు కుదరడానికి ఏడాది పట్టింది. క్లబ్బులో అడుగుపెడితే ఆ పాటతోనే అనుకున్నాను.

ఎడ్వర్డ్ అది తన పాటేనని చెప్పి బీచ్ రోడ్డు క్లబ్బులో ఛాన్సు కొట్టేశాడు. పోస్టరు మీద నల్ల కళ్లద్దాలతో వాడి మొహం చూసేదాకా నాకు తెలియదు. ఒకే కంచంలో తిన్నవాడు!

మధ్యాహ్నం సౌండ్ చెక్ సమయానికి వెళ్లాను. కిటికీల్లేని హాలు. పాత బీరు వాసన, తడిసిన తివాచీ వాసన. ఎక్కడో ఫ్యాను కిర్రుమంటోంది. కన్సోల్ దగ్గర ఒక్క నీలం లైటు, దాని వెనక ఎడ్వర్డ్.

"నా పాట నాకిచ్చెయ్ బావా."

"ఏటి నీ పాట, నతానియేల్? మాయమ్మ గొంతది," అన్నాడు తలెత్తకుండా. "కావాలంటే ఇను."

హెడ్‌ఫోన్స్ అందించాడు. జనానికి వదిలేముందు డీజే ఒక్కడే పాట వినేది అందులోనే. అత్త పాడుతోంది. నా గొంతు లేదు. దాని చోట తన గొంతు అతికించుకున్నాడు.

"అత్తా... నువ్వైనా సెప్పు..." అని గొణిగాను.

పాట ఆగింది. కన్సోల్ తెర మీద మాత్రం నడుస్తూనే ఉంది. చెవి పక్కనే ఎవరో ఊపిరి పీల్చారు. చామంతుల వాసన... శవపెట్టెలో అత్త మీద కప్పిన చామంతులు.

"మావోణ్ణి బతకనియ్, నాన్నా..."

అత్తే.

"నువ్వు నాకాడికొచ్చెయ్."

నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. కొడుకు కోసం నన్ను వదిలేసుకుంది.

హెడ్‌ఫోన్స్ లాగి పడేశాను. అప్పుడు హాలు స్పీకర్లు మోగాయి. సమాధిలోకి పెట్టె దింపుతూ మేం పాడే పాట. చివరి చరణంలో పోయినవాళ్ల పేరు చేర్చడం మా చర్చి అలవాటు.

ఎడ్వర్డ్ వైర్లన్నీ పీకేశాడు. "నాను పెట్టలేదు బావా... ఒట్టు..."

పాట ఆగలేదు. పాడుతున్నది నేనే. ఆ పాట నేనెప్పుడూ రికార్డు చెయ్యలేదు.

రెండు చేతులతో నోరు మూసుకున్నాను... చివరి చరణంలో నా గొంతు "నతానియేల్" అంది.