పిడికిలి పట్టేదాకా

"ఆగుండ్రి మేడం, ఆగుండ్రి! కాగుతున్న నీళ్లల్లకెల్లి తీసి నా చెయ్యి మీద వెడ్తరా? ఇది చెయ్యా, మిర్చి బజ్జీయా?"

మహేష్ కేకకు క్లినిక్ బయట కూర్చున్న ముసలాయన లేచి లోపలికి తొంగిచూశాడు.

థెరపిస్ట్ ప్రీతి చేతిలో మెత్తబడ్డ తెల్లటి ప్లాస్టిక్ రేకు వేలాడుతోంది. దాన్ని టవల్ మీద అద్ది, ముందు తన ముంజేతికి ఆనించుకుని చూపించింది.

"గోరువెచ్చగనే ఉన్నది. చల్లారితే మళ్ల గట్టివడ్తది. చెయ్యి ఇస్తరా, బయట తాతను పిలిచి పట్టుకొమ్మనాల్నా?"

మహేష్ కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాచాడు. కాలలేదు. వెచ్చటి రేకు మణికట్టు చుట్టూ మెల్లగా అతుక్కుంటోంది. కళ్లు తెరిచేసరికి ప్రీతి మేడం ముఖం జానెడు దూరంలో ఉంది. మహేష్ చెయ్యి సంగతే మర్చిపోయాడు.

గౌలిపురలో మహేష్ వాళ్లది పాల వ్యాపారం. పన్నెండు బర్రెలు. తల్లి ఆండాలు, మహేష్, ఇద్దరే చూసుకుంటారు. రెండు నెలల కిందట ఒక పెళ్లి బరాత్‌లో కాల్చిన పటాకులకు ఒక బర్రె బెదిరి ఉరికింది. పలుపు చేతికి చుట్టుకుని ఉండడంతో కుడిచేతి నాలుగు వేళ్లూ విరిగాయి. ఎముకలైతే అతుక్కున్నాయి. కట్టు విప్పాక చూస్తే వేళ్లు చెక్కముక్కల్లా బిగుసుకుపోయాయి. పిడికిలి పట్టలేనివాడు పాలేం పిండుతాడు? ఆరు వారాల్లో వేళ్లు వంగకపోతే ఆపరేషన్ తప్పదన్నాడు డాక్టర్. అలా లాడ్ బజార్ వెనక గల్లీలో, గాజుల దుకాణం పైనున్న ఈ క్లినిక్ మెట్లెక్కాడు.

ప్రీతి నాలుగు వేళ్లకు నాలుగు తోలు పట్టీలు తొడిగింది. వాటికి రబ్బరు బ్యాండ్లు కట్టి, మణికట్టు దగ్గర అమర్చిన కొక్కేలకు తగిలించింది. బ్యాండ్లు వేళ్లను అరచేతి వైపు లాగడం మొదలుపెట్టాయి.

మహేష్ అలాగే చూస్తూ ఉండిపోయాడు. "గింతేనా? పతంగికి దారం కట్టినట్టు కట్టినరు. దీంతోని వంగుతయా?"

"స్ప్లింట్ అంటరు దీన్ని. మెల్లగ గుంజుతది. రోజూ కొన్ని గంటలు, వారాలకొద్దీ. బెదిరిన బర్రెను ఒక్కసారే గుంజితే వస్తదా?"

"రాదు. ఇంక ఎనకకు వోతది."

"కీళ్లు గూడ గంతే. వేళ్లు నీలం తిరిగినా, తిమ్మిరెక్కినా ఎంటనే తీసెయ్యాలె. అర్థమైందా?"

అర్థమైంది. వేళ్ల సంగతి సగమే అర్థమైంది, ఆమె కళ్లలోకి చూస్తూ విన్నాడు కదా.

వారానికి రెండుసార్లు వెళ్లేవాడు. ఆమె వేలి పక్కన స్కేలు పెట్టి ఎంత వంగిందో కొలిచేది. ఒకరోజు వాన దంచికొడితే గల్లీ నిండా నీళ్లు నిలిచాయి. తడిసి ముద్దయి వచ్చిన మహేష్ స్ప్లింట్‌ను మాత్రం పాల కవర్లో చుట్టి తెచ్చాడు.

"మీరు తడిసిండ్రు గని ఇది తడవలే!" అంది ప్రీతి ఆశ్చర్యపోయి.

"మీరు చేసిందాయె మేడం."

ఆమె తల వంచుకుని కొలవడం మొదలుపెట్టింది. ఆ రోజు ఒకే వేలును మూడుసార్లు కొలిచింది.

నాలుగో వారం ఆండాలు పన్నెండు బర్రెల పాలూ ఒక్కతే పిండి, నడుం పట్టుకుని గోడకు చేరగిలపడింది. అది చూసి మహేష్ తట్టుకోలేకపోయాడు. ఒక్కో కొక్కేనికి రెండేసి బ్యాండ్లు వేశాడు. రెండు రోజులు పళ్ల బిగువున ఓర్చుకున్నాడు.

స్ప్లింట్ విప్పగానే ప్రీతి ముఖం పాలిపోయింది. వేళ్లు వంకాయల్లా ఉబ్బి ఉన్నాయి.

"ఎవరు చెప్పిండ్రు డబుల్ వెయ్యమని? వారం దాక మళ్ల దీన్ని ముట్టద్దిగ! ఆరు వారాలు గూడ ఆగకుండ డాక్టర్ ఆపరేషన్ డేట్ ఇస్తనంటే, ఇంకొన్ని రోజులు నాకియ్యండి సార్ అని కొట్లాడిన. ఎవరి కోసం కొట్లాడిన నేను?"

ఆమె కళ్ల నిండా నీళ్లు. తిట్లయితే మహేష్ భరించేవాడే. ఈ నీళ్లు చూసి మాత్రం అదనపు బ్యాండ్లు తానే ఊడదీసి బల్ల మీద పెట్టాడు. నోరు జారిన సంగతి అప్పుడే తెలిసినట్టు ప్రీతి ఉలిక్కిపడి, గబగబా అటు తిరిగింది.

వాపు తగ్గింది. మళ్లీ ఒక్క బ్యాండుతో మొదలు. డాక్టర్ ఇంకో మూడు వారాలు గడువిచ్చాడు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ఆండాలు కూడా కొడుకు వెంట బయల్దేరింది. క్లినిక్‌లో కుర్చీలో కూర్చుని సూటిగా అడిగేసింది.

"ఏం బిడ్డా, ఈడికి వచ్చే రోజే మావోడు గడ్డం గీసుకుంటుండు. బర్రెల కోసమైతే కాదు. నీకు గూడ మనసుల ఏమన్న ఉన్నదా?"

ప్రీతి చేతిలోంచి స్కేలు జారి టంగుమని పడింది. మహేష్ గబుక్కున దానికోసం బల్ల కిందికి వంగాడు.

"అమ్మా, ఆయన నాకు పేషెంట్. ట్రీట్‌మెంట్ అయ్యేదాక నేను గిట్లాంటియి మాట్లాడుడు తప్పు." స్కేలు అందుకుంటూ నెమ్మదిగా అంది. "ఇంకోటి, మేం చర్చికి వోతం. అది గూడ తెలుసుకోండ్రి."

ఆండాలు లేచి మెట్లు దిగిపోయింది. ఇంట్లో ఆ ఊసే ఎత్తలేదు. మహేష్ అడిగితే పాల డబ్బాలు తోముతూ కూర్చుంది. లొల్లి చేసినా బాగుండేదనిపించింది అతనికి.

చివరి రోజు రానేవచ్చింది. నాలుగు వేళ్ల కొసలూ అరచేతిని తాకాయి. తన పిడికిలిని తానే నమ్మలేనట్టు చూసుకున్నాడు మహేష్. ఆపరేషన్ అక్కర్లేదని డాక్టర్ ఫోన్‌లో చెప్పేశాడు. ప్రీతి ఫైల్ మీద సంతకం పెట్టి మూసింది.

"ఇంక మీరు రావద్దు."

మహేష్ పిడికిలి విప్పేశాడు. "అంతేనా మేడం?"

"అంతే. ఇయ్యాల్టి నుంచి నువ్వు నా పేషెంట్ కాదు." ఆ 'నువ్వు' విని మహేష్ తలెత్తాడు. "ఇప్పుడడుగు. మీ అమ్మ అడిగింది, నువ్వడగవా?"

మహేష్ మళ్లీ పిడికిలి బిగించాడు. "నీకు... నేనంటే..."

"ఇష్టం. మస్తు ఇష్టం."

"గని మా అమ్మ..."

"మీ అమ్మ మొన్న ఆదివారం మా ఇంటికొచ్చింది. మా నాయనతోని గంటసేపు కూసున్నది. మీ ప్రార్థన మీది, మా పూజ మాది, పిల్లలిద్దరు మంచిగుంటే సాలు అన్నదంట."

మహేష్ కుర్చీలోంచి లేచాడు. "మా అమ్మనా? మీ ఇంటికా? మరి మీ నాయన ఏమన్నడు?"

"పిలగాణ్ని చూడాలె అన్నడు. కింద స్కూటర్ మీద కూసున్నడు. నడువు."

కింద ప్రీతి తండ్రి సామ్యూల్ హెల్మెట్ తీసి మహేష్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు. రైల్వేలో ముప్పై ఏళ్లు టికెట్లు చూసిన చూపది.

"మహేష్ అంటే నువ్వేనా బిడ్డా? మీ అమ్మ మస్తు మొండిది."

"అవునంకుల్."

"మా పిల్ల ఇంకా మొండిది. ఇద్దర్నీ ఒక్కింట్ల పెట్టుకొని ఎట్ల బతుకుతవ్? ఫికర్ లేదా?"

మహేష్ ప్రీతి వైపు చూశాడు, ఆమె నవ్వాపుకుంటోంది. "ఉన్నదంకుల్," అన్నాడు నిజాయితీగా.

సామ్యూల్ గాజుల దుకాణం వాళ్లంతా తిరిగి చూసేలా పకపకా నవ్వి, స్కూటర్ స్టార్ట్ చేశాడు.

"భయమున్నోడే సంసారం చేస్తడు. మీరిద్దరు ఆటోల రాండ్రి. ఇంటికి వోయి చాయ్ తాగుదం."