మూల మడిచిన టేపు

మా పేపరు ఫ్యాక్టరీలో నా పని మిషన్లకు జ్వరం చూడటం. పిస్తోలు ఆకారంలో ఒక గన్ను ఉంటుంది. ట్రిగ్గరు నొక్కితే మిషను మీద ఎర్ర చుక్క పడుతుంది, గన్ను వెనక చిన్న తెర మీద వేడి ఎంతో అంకె వస్తుంది. దేన్నీ ముట్టుకోనక్కర్లేదు. రెండు గంటలకోసారి తిరిగి, అరవై రెండు పాయింట్లు చూసి రిజిస్టరులో రాయాలి.

ఈ పని నాకు నేర్పింది మా బావ, అంటే అక్క మొగుడు. అక్కడే ఫిట్టరు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేను కనబడగానే, "డాక్టరు గారొచ్చారు, అందరూ నాలుకలు చాపండర్రా" అని మోటార్లకు చెప్పేవాడు.

మొదటిరోజే ఒక మాట చెప్పాడు.

"మెరిసే స్టీలును నమ్మకు డాక్టరూ. అది తన వేడి చెప్పదు, ఎదురుగా ఉన్నవాళ్ళ వేడి చెబుతుంది. అద్దం లాంటిది."

అందుకే మెరిసే చోటల్లా నల్ల టేపు ముక్క అంటించి, దాని మీద చూడాలి. బావ టేపు అంటిస్తే ఒక మూల లోపలికి మడిచేవాడు, మళ్ళీ పీకేటప్పుడు గోళ్ళు అరగకుండా. ఇంట్లో డబ్బాల మూతలకైనా, చిరిగిన పుస్తకాలకైనా అంతే. ఆ మడత చూసి అక్క నవ్వేది.

పదిహేడో పాయింటు పెద్ద ఫ్యాను బేరింగు. దాని కవరులో మొహం చూసుకోవచ్చు. ఒకరోజు మధ్యాహ్నం వెళ్ళేసరికి దాని టేపు ఊడి కింద పడి ఉంది. కొత్త ముక్క కావాలంటే స్టోరు దాకా నడవాలి. బద్ధకించాను. ఉత్త స్టీలు మీదే గన్ను పెట్టాను. నలభై ఒకటి అని వచ్చింది. అదే రాశాను.

కాసేపటికి ఫ్యాను మోత తేడాగా ఉందని బావకు అనుమానం వచ్చింది. రిజిస్టరు తెరిచి చూశాడు. నలభై ఒకటే కదా అని గ్రీజు పెట్టడానికి దగ్గరికి వెళ్ళాడు. బేరింగు పగిలింది. కవరు ఎగిరి వచ్చి బావ తలకు తగిలింది. అంతే.

విచారణకు వచ్చినవాళ్ళు కూడా నా అంకెనే చూశారు. వేడి మామూలుగానే ఉంది కాబట్టి, ఫిట్టరే ఏదో తప్పు చేసి ఉంటాడని తేల్చారు. అక్క ఆ కాగితం రెండుసార్లు చదివింది.

"ఇరవై ఏళ్ళు పనిచేసిన మనిషికి గ్రీజు పెట్టడం రాదంటార్రా?"

నేను తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఉండేది వాళ్ళింట్లో, తినేది ఆవిడ చేతి అన్నం. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆ రోజు నుంచి ఒంటికి ఏదీ సరిగా తెలియడం లేదు. పొగలు కక్కే టీ తాగినా నాలుక కాలేది కాదు.

మూడు నెలలు గడిచాయి. మరమ్మతు కోసం పెద్ద ఫ్యానును పన్నెండు రోజులుగా ఆపి ఉంచారు. ఆపినా రౌండు మాత్రం తప్పదు. మధ్యాహ్నం రెండింటికి ఫ్యాను గదిలోకి వెళ్ళాను. ఆ గదికి కిటికీ లేదు. ఒక్క ట్యూబులైటు, తడి కాగితపు గుజ్జు వాసన, పాత గ్రీజు వాసన. ఎప్పుడూ చెవులు పగిలే మోత ఉండేచోట నా చెప్పుల చప్పుడు నాకే వినబడుతోంది.

పదిహేడు మీద కొత్త టేపు ఉంది. ఒక మూల మడిచి ఉంది.

బావ దగ్గర నేర్చుకున్నవాడెవడో అంటించాడనుకున్నాను. గన్ను పెట్టాను.

ముప్పై ఆరు.

గోడ చూశాను. ఇరవై నాలుగు. పక్కన మోటారు... ఇరవై నాలుగు. మళ్ళీ టేపు. ముప్పై ఆరు. మనిషి ఒంటి వేడి.

భయపడాలని తెలుస్తోంది గానీ భయం రావడం లేదు. మడత పట్టుకుని టేపు పీకేశాను. ఇక మిగిలింది ఉత్త స్టీలు. ఎదురుగా ఉన్నవాళ్ళ వేడే చెప్పాలి. నేను పక్కకు జరిగి, చెయ్యి చాపి ట్రిగ్గరు నొక్కాను. ఎదురుగా ఖాళీ గోడ తప్ప ఏమీ లేదు.

యాభై రెండు.

తొంభై...

నూట నలభై ఒకటి...

వెనక్కి తిరిగి గోడకు గన్ను పెట్టాను. ఇరవై నాలుగు. ఎవరూ లేరు. మళ్ళీ స్టీలు వైపు తిప్పాను.

నూట ఎనభై ఆరు. అక్కడ ఆగింది. గది నిండా మాడిన గ్రీజు వాసన.

"డాక్టరూ..." చెవి పక్కనే, గుసగుసగా. "రాయి."

"బావా... అక్కకు తెలిస్తే..."

"రాయి."

రిజిస్టరు తెరిచాను. పెన్ను పదిహేడో గడిలో పెట్టాను. ఇరవై నాలుగు అని రాశాను.

వీపు మీద ఒక చెయ్యి పడింది. పని బాగా చేసినప్పుడు బావ తట్టేవాడే, అలాగే. కాకపోతే ఈసారి తట్టి తీసెయ్యలేదు. కాసేపు అదిమి పట్టింది. వేడో చలో నాకు తెలియలేదు, బరువు మాత్రం తెలిసింది.

సాయంత్రం ఇంట్లో చొక్కా విప్పుతుంటే అక్క వెనక నుంచి, "కదలకు" అంది.

"ఏంటక్కా?"

"వీపుకు ఇదేంట్రా?"

చొక్కా లోపల, ఒంటికే అంటి ఉంది నల్ల టేపు. అక్క మూల పట్టుకుని పీకింది. కింద చర్మం నలుచదరంగా కాలి, బొబ్బలెక్కి ఉందట.

"ఇంత కాలితే తెలియలేదా నీకు?"

"లేదక్కా."

అక్క టేపును లైటు దగ్గర పట్టుకుంది. మడత మీద గోరుతో రాసింది.

"ఇది ఆయన మడత" అంది. నా వైపు తిరిగి, "ఆ రోజు నిజంగా నలభై ఒకటేనా?" అని అడిగింది.

చెప్పాను. ఊడిన టేపు, స్టోరుదాకా నడవని నా బద్ధకం, ఇవాళ వచ్చిన నూట ఎనభై ఆరు, అన్నీ. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. అక్క ఆ టేపునే అదే పుండు మీద మళ్ళీ అంటించి, నాలుగు అంచులూ బొటనవేలితో అదిమింది.

"అందరి ముందూ చెప్పేదాకా ఉండనీ" అంది.

మర్నాడు మేనేజరు ముందు, బావతో పనిచేసినవాళ్ళందరి ముందు చెప్పాను. బావ తప్పేమీ లేదని కాగితం వచ్చింది. నా ఉద్యోగం పోయింది. అక్క ఆ కాగితాన్ని బావ ఫొటో వెనక పెట్టి, నా వీపు మీది టేపు తీసి పొయ్యిలో వేసింది.

తెల్లారి లేచేసరికి వీపు మీద కొత్త టేపు ఉంది. ఆ మర్నాడూ అంతే. ఇంకా కోపం తీరక అక్కే అంటిస్తోందనుకుని అడగలేదు. పోయిన వారం అక్క నాలుగు రోజులు ఊళ్ళో లేదు. తలుపు లోపల గడియ పెట్టుకుని ఒక్కణ్ణే పడుకున్నాను. నాలుగు పొద్దులూ కొత్త టేపే, ఒక మూల మడిచి.

దాని కింద వేడి ఎంత ఉందో నాకు తెలియడం లేదు. చూద్దామంటే, గన్ను ఫ్యాక్టరీవాళ్ళకిచ్చేశాను.