చిట్టి అలిగిన సాయంత్రం

మా చెల్లెలు చిట్టికి అలకొస్తే నోరు పడిపోతుంది గానీ చేతులు పడిపోవు. చిన్నప్పట్నుంచీ అంతే. మాట్లాడదు. కానీ భోజనం పెడుతుంది, పక్క వేస్తుంది, తలనొప్పంటే మాత్ర తెచ్చి ఎదురుగా టక్కున పెట్టి పోతుంది. దాని అలక అలవాటైపోయి ఉండకపోతే ఆ రోజు నేను ముందే కేకలు పెట్టి ఉండేదాన్ని.

ఆరేళ్ళ కిందట నరాల జబ్బొచ్చి నడుం కింద నా ఒళ్ళు చచ్చుబడింది. అంతకుముందు పొద్దస్తమానం కుట్టుమిషను తొక్కిన కాళ్ళు ఇప్పుడు గిల్లినా తెలియవు. అప్పట్నుంచీ నా కాళ్ళు చిట్టే. పోస్టాఫీసులో పనిచేస్తుంది, పెళ్ళి వద్దనుకుంది, నేనంటే ప్రాణం. ఈసారి సెలవు పెట్టి, "ఇంట్లో కూర్చుని నా మీద అరిచే బదులు ఓ కొత్త ఊళ్ళో అరుద్దువు గాని, పద" అని ఇద్దరం ఎరగని ఊరికి తీసుకొచ్చింది.

బస పక్కనే ఓ షాపులో నాలాంటివాళ్ళకి బ్యాటరీ స్కూటర్లు అద్దెకిస్తారు. కుర్చీలాంటి సీటు, ముందు బుట్ట, నాలుగు చక్రాలు. షాపతను చిట్టిని వెనక్కి పిలిచి చూపించాడు.

"ఈ ఎర్ర మీట కిందికి నొక్కితే మోటారు వదిలేస్తుందండీ. అప్పుడు మీరు తోసుకోవచ్చు. కానీ ఆవిడ నడపలేరు, బ్రేకూ పనిచేయదు. గుర్తుంచుకోండి."

"మా అక్క నోరు ఆపే మీట లేదాండీ?" అంది చిట్టి.

నవ్వుకుంటూ బయల్దేరాం. అబ్బ, ఆ పూట! నా అంతట నేను సందులు తిరిగాను. తాళాలు బాగుచేసేవాడి దగ్గర ఆగాను, పాత గడియారాల దుకాణం ముందు ఆగాను. చిట్టి వెనక పరుగు లాంటి నడకతో వస్తుంటే "ఏమే, కాళ్ళు నొప్పా?" అని ఏడిపించాను. చాలా కాలానికి నేను ముందు, అది వెనక.

సాయంత్రానికి మబ్బు పట్టింది. నది చూసి వెళ్దామన్నాను. తడుస్తాం, వెనక్కి పోదాం అంది చిట్టి. "నీకేమే, ఎప్పుడైనా నడిచి వచ్చి చూస్తావు" అన్నాను. ఆ మాట దానికి ఎక్కడో తగిలింది. మొహం ముడుచుకుంది. అంతే, నోరు పడిపోయింది.

నది పెద్ద రోడ్డుకి అవతల ఉంది. రోడ్డు కింద నుంచి దారి. నడిచేవాళ్ళకి మెట్లు, చక్రాలవాళ్ళకి లిఫ్టు. చిట్టి లిఫ్టు బటన్ నొక్కి, నన్ను లోపలికి పంపి, ఒక్క మాటైనా లేకుండా మెట్ల వైపు పోయింది. కింద కలుస్తుందిలే అనుకున్నాను.

లిఫ్టు చాలాసేపు దిగింది. తలుపు తెరుచుకుంటే పొడుగాటి దారి. గోడలకి తెల్ల పలకలు, వాటి మీద చెమ్మ. తడి సిమెంటు వాసన, దాని అడుగున ఏదో కమిలిన గుడ్డ వాసన... ఇస్త్రీపెట్టె గుడ్డ మీద మరిచిపోతే వస్తుందే, అది. పైన బళ్ళ చప్పుడు లేదు. మనిషి లేడు. చిట్టీ లేదు.

"ఎక్కడ చచ్చావే?" అని అరిచాను.

కొంచెం ముందుకు పోనిచ్చాను. అప్పుడు వెనక టక్ మంది. ఎర్ర మీట. చేతిలో పిడి నొక్కుతున్నా స్కూటర్ కూయడమే గానీ కదల్లేదు. మరుక్షణం మెల్లగా, నేను నొక్కకుండానే, ముందుకు పోయింది. ఎవరో తోస్తున్నారు.

"వచ్చావా తల్లీ? బతికించావు."

జవాబు లేదు. అలక కదా.

"ఒప్పుకున్నాలే, తప్పుగా అన్నాను. నది వద్దు, వెనక్కే పోదాం."

తోపుడు ఆగలేదు. దారి వాలులోకి దిగుతోంది. అవతలి లిఫ్టు పక్కనుంచే పోయింది, దాన్ని దాటేశాం.

"ఒసే, లిఫ్టు అక్కడే!"

సీటు వీపు ఎత్తు. నా నడుం తిరగదు. చెయ్యి వెనక్కి పోనిచ్చి సీటు మీదున్న దాని చెయ్యి పట్టుకున్నాను. చిట్టి వేళ్ళు మెత్తగా ఉంటాయి. ఈ చూపుడువేలి కొస గరుకు. సూది పొడిచీ పొడిచీ బండబారిన చర్మం.

చిట్టి ఏనాడూ సూది పట్టలేదు.

చెయ్యి లాక్కున్నాను.

స్కూటర్ ఓ గోడ దాకా వెళ్ళి, ముందు చక్రాలు గోడకి ఆనించి ఆగింది. నా ముందు తెల్ల పలకలు. వెనక అడుగులు దూరమయ్యాయి. కుడికాలు బరువుగా, ఎడమకాలు తేలిగ్గా. ఎన్నేళ్ళైనా ఆ నడక నాకు తెలుసు. మా ఇంటి గచ్చు మీద అది నా నడక. మెట్లెక్కుతోంది. తొందర లేకుండా.

పిడి నొక్కాను. కూత. మీట అందదు. దిగలేను. దిగితే పడతాను, పడితే లేవలేను. దేవుడా, దేవుడా అనుకుంటూ కూర్చున్నాను.

బుట్టలో ఫోను మోగింది. చిట్టి.

"హలో, ఎవరండీ?" ఏడుస్తోంది, నవ్వుతోంది. "అది మా అక్క ఫోనండీ. స్కూటర్లో వదిలేసి వచ్చింది. మా అక్క నడిచి వచ్చిందండీ! మెట్లెక్కి వచ్చింది! నా చెయ్యి పట్టుకుని..."

"చిట్టీ! నేనే అక్కని! ఆ చెయ్యి వదులు!"

అవతల వాన చప్పుడు.

"అక్కా," చిట్టి పక్కకి తిరిగి గుసగుసలాడింది, "అచ్చం నీలాగే మాట్లాడుతున్నారే."

"ఒసే, ఐదో క్లాసులో నీ ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం నేనే పెట్టాను! మనిద్దరికే తెలుసు! నేనే!"

చిట్టి ఊపిరి వినిపించింది. దగ్గరగా, భయంగా. దానికి అనుమానం వచ్చింది, నాకు తెలుసు. ఇంకొక్క మాట చాలు...

అప్పుడు ఫోనులో నా గొంతు వినిపించింది.

"ముందు పెన్సిల్‌తో పెట్టి, తర్వాత ఇంకుతో దిద్దాను. ఎవరి దగ్గర వాగావే ఈ సంగతి, మొద్దూ? పెట్టేయ్. నది చూద్దాం పద."

చిట్టి నవ్వింది. హమ్మయ్య అన్నట్టు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

లైను తెగింది. మళ్ళీ చేశాను. మళ్ళీ. ఎత్తలేదు.

చెయ్యగలిగింది ఏమీ లేక తల వంచుకుని ఏడ్చాను. అప్పుడు కనిపించాయి నా పాదాలు. తడిగా ఉన్నాయి. వేళ్ళ మధ్య బురద. ఆ సొరంగంలో చినుకు కూడా పడలేదు.

కదులుతున్నాయి.

గిల్లినా తెలియని కాళ్ళు, స్కూటర్ పలక మీద ఒకదాని తర్వాత ఒకటి, అడుగు వేస్తున్నాయి. రెండు చేతులతో మోకాళ్ళు అదిమిపట్టాను. ఆపలేకపోయాను. నాకేమీ తెలియడం లేదు, చూస్తున్నానంతే. కాసేపటికి అవే ఆగాయి. పక్కపక్కన చేరాయి. మెల్లగా మడమలు పైకి లేచాయి... ఎత్తైన గట్టు అంచు మీద నుంచి కిందికి తొంగి చూసేవాళ్ళ కాళ్ళలా.

"చిట్టీ, వెనక్కి రావే," అన్నాను గోడతో.

మడమలు దిగాయి. తర్వాత, ఒక్కత్తే నడిచి వస్తున్నట్టు, తొందర లేకుండా మళ్ళీ అడుగులు మొదలుపెట్టాయి.