ఊపిరి బిగపట్టనక్కర్లేదు

"ఎన్నిసార్లు చెప్పాలండీ? ఊపిరి బిగపట్టండి!"

అతను మైకులో మూడోసారి విసుక్కునేసరికి స్కానింగ్ గది తలుపు భళ్లున తెరుచుకుంది.

"ఆయనకి ఆయాసం! బిగపట్టమంటే ఊపిరి ఎక్కణ్ణుంచి తెస్తారు, మీ ఇంట్లోంచా?"

రోజంతా ఆ మాటే చెప్పే టెక్నీషియన్‌ని ఆస్పత్రిలో అంతా ఊపిరిబాబు అంటారు. అతని మీద ఇలా విరుచుకుపడిన మొదటి మనిషి ఈ అమ్మాయే.

"కదిలితే బొమ్మ చెదిరిపోతుందండీ. మిషన్ తీరే అంత."

"అయితే మిషన్‌ని మార్చాలి. మా నాన్నని మారుస్తారా?"

నిజమే కదా! గదంత యంత్రం కట్టినవాళ్లకి, ఆయాసపడే ముసలాయన ఒకడు అందులో పడుకుంటాడని తట్టలేదంటే ఒళ్లు మండదూ? లివర్ బొమ్మ స్పష్టంగా రాకపోతే ఆపరేషన్ చెయ్యలేమని డాక్టర్లు చేతులెత్తేశారు.

ఆమె సెన్సర్లు తయారుచేసే ఇంజనీరు. కోపమొస్తే ఊరుకునే రకం కాదు. పల్చటి పరుపులాంటిది ఒకటి తయారుచేసింది. వీపు కింద పరిస్తే చాలు, మనిషి ఊపిరి వదిలినప్పుడల్లా పసిగట్టి, అప్పుడే బొమ్మ తియ్యమని మిషన్‌కి చెబుతుంది. సాయంత్రాలు మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి పరీక్షించుకునేది. అతను డ్యూటీ అయిపోయినా ఇంటికి వెళ్లేవాడు కాదు.

"మీకు ఇల్లు లేదా?"

"ఉంది. అక్కడ తిట్టేవాళ్లు లేరు."

కొత్త పరికరాన్ని ముందు సిబ్బంది మీద వాడి చూడాలి. పెద్ద డాక్టరు ఎదుట అతనే మిషన్లో పడుకున్నాడు. నిమిషం గడిచినా బొమ్మ రాలేదు.

"ఇది పనికిరాదమ్మా," అన్నాడు డాక్టరు.

ఆమె తెర మీద ఊపిరి గీత చూసింది. తిన్నగా పడుంది. నిప్పులు తొక్కినట్టు లోపలికి పరిగెత్తింది.

"ఊపిరి ఎందుకు తియ్యట్లేదు? కావాలనే చేశారు కదూ!"

అతను ఎర్రబడ్డ మొహంతో రొప్పుతూ లేచాడు. "ఒట్టండీ! అందర్నీ బిగపట్టమంటూ వాళ్లతోపాటు నేనూ బిగపడతాను. పడుకోగానే అదే వచ్చేసింది. సార్, తప్పు నాది. ఇంకొక్కసారి చూడండి."

డాక్టరు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. ఆమె మైకు అందుకుంది.

"మామూలు మనిషిలా ఊపిరి తీస్తారా, నేనే వచ్చి తీయించనా?"

గీత కదిలింది. బొమ్మ వచ్చింది. డాక్టరు కళ్లజోడు సవరించుకుని, "మీ నాన్నగార్ని పడుకోబెట్టండి," అని వెళ్లిపోయాడు.

ఆయన హాయిగా ఆయాసపడుతూనే పడుకున్నాడు. తెర మీద లివర్ అంచులతో సహా తేటగా కనిపించింది. ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏడుస్తున్నారా?"

"కోపం! ఇన్నాళ్లూ తప్పు మా నాన్నదే అన్నారు."

"నేనూ అన్నాను. ఎంత తిట్టినా పడతాను. రోజూ తిట్టండి. జీవితమంతా."

"ఇది సారీనా, ప్రపోజలా?"

"రెండూ."

ఆమె నోట మాట రాలేదు. అతని మోచెయ్యి మైకు బటన్ మీదే ఉందని ఇద్దరూ చూసుకోలేదు. స్పీకరు గరగరలాడింది.

"మౌనం అర్ధాంగీకారం అంటారు. మిగతా సగం నేనిచ్చేస్తున్నా. ముందు నన్ను బయటికి లాగండి అల్లుడుగారూ, చలి చంపేస్తోంది!"